ఊపిరి పీల్చే బూట్లు

చేపల్ని మనుషులు మింగడం మా కొల్లేరు పక్క రోజూ జరిగేదే. ఒక చేపపిల్ల మనిషి ఉద్యోగాన్ని మింగబోవడం మాత్రం, నాకు తెలిసి, నా ఒక్కడి విషయంలోనే జరిగింది. అదీ చిటికెన వేలంత కూడా లేని చేపపిల్ల. ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వినా నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు అక్కడున్న జనం నవ్విన తర్వాత మీకు మిగిలింది ఎలాగూ తక్కువే.

సెల్‌ఫోను ఉన్నవాడు దాన్ని చొక్కా జేబులో అందరికీ కనబడేలా పెట్టుకుని తిరిగే రోజులవి. నేను కొత్తగా మెడికల్ రిప్రజెంటేటివ్‌నయ్యాను. అంటే డాక్టర్ల దగ్గరికి వెళ్ళి, మా కంపెనీ మందులు ఎంత గొప్పవో వాళ్ళు విసుక్కునేదాకా చెప్పే ఉద్యోగం. మకాం ఏలూరు. అటు భీమడోలు మీదుగా తాడేపల్లిగూడెం దాకా, ఇటు కొల్లేరు లంకల దాకా నా రాజ్యం. మెడకి టై, కాళ్ళకి నల్లటి తోలు బూట్లు తప్పనిసరి. మే నెల ఎండలో మా ఏలూరు ఎలా ఉంటుందో తెలిసినవాడెవడూ ఆ నియమం పెట్టి ఉండడు.

అసలే నా కాళ్ళు చెమట పట్టే రకం. సాయంత్రానికి సాక్సు పిండితే మొక్కకి నీళ్ళు పోయొచ్చు, మొక్క మీద ప్రేమ లేకపోతే. ఏలూరు పక్కనే వట్లూరులో నేను అద్దెకుండే ఇంటి మామ్మగారు, నేను చేరిన మొదటి వారంలోనే తీర్పు చెప్పేశారు.

"బాబూ, మీ బూట్లు గేటు బయటే వదిలేయండి. దొంగలు పట్టుకుపోతారని భయపడకండి. పట్టుకుపోరు."

ఇంతలో కంపెనీ వాళ్ళు నా నెత్తిన కొత్త మందు పెట్టారు. అది కాలివేళ్ళ సందులు పాసిపోయి, ఒరిసిపోయి, దురద పెడితే రాసుకునే ఆయింట్‌మెంటు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అంటారు. మా కంపెనీలో మాత్రం కందకీ కత్తిపీటకీ కూడా దురద ఉంటేనే జీతాలు. చేపల చెరువుల్లో పగలంతా నీళ్ళలో నిలబడి పనిచేసేవాళ్ళున్న ప్రాంతం కాబట్టి, ఆ మందు ఇక్కడ అమ్ముడుపోకపోతే ఇంకెక్కడా పోదని మా మేనేజరు శేషగిరి గారి సిద్ధాంతం.

దానికి తాళంచెవి తాడేపల్లిగూడెంలో ఉంది. ఆవిడే డాక్టర్ గ్రేసమ్మ గారు. ఆవిడ ఒక మందు రాస్తే చుట్టుపక్కల డాక్టర్లందరూ రాసేవారు. గుమ్మం బయట బూట్లు విప్పి లోపలికి వెళ్ళడం ఆవిడ ఆసుపత్రిలో నియమం. నేను విప్పి వెళ్ళాను. నర్సు లేచి కిటికీ తెరిచింది. ఫ్యాను స్పీడు పెంచింది. డాక్టరుగారు చాలా మర్యాదగా అడిగారు.

"మీ మందు దేనికండీ, ప్రసాద్ గారూ?"

"వేళ్ళ సందులు పాసిపోతే రాసేదండి."

"మంచిదండీ. మీరు ఆ గుమ్మం దగ్గరే నిలబడి చెప్పండి. నాకు వినబడుతుంది."

విన్నారు, రాయలేదు. ఆ సాయంత్రమే శేషగిరి గారి ఫోను. "చూడవయ్యా, ఆవిడ రాయకపోతే నీ ఉద్యోగం పర్మనెంటు చెయ్యమని నేను పైకి చెప్పలేను. వచ్చే నెల నేనే వచ్చి నీతో తిరుగుతాను. ఈలోగా ఏదో ఒకటి చెయ్యి."

ఏదో ఒకటి చెయ్యమంటే, తెలివైనవాడు ఊరుకుంటాడు. నేను చేశాను.

భీమడోలులో ఒక డాక్టరు కోసం ఎదురుచూస్తుండగా, లోపల ఎవరికో బీపీ చూస్తున్నారు. రబ్బరు బుడ్డి నొక్కినప్పుడల్లా ఫుస్, ఫుస్ మని గాలి. నా బుర్రలో దీపం వెలిగింది. మనిషి రోజంతా నడుస్తాడు, అడుగు వేసినప్పుడల్లా మడమతో నేలని నొక్కుతాడు. ఆ నొక్కుడంతా వృథాయే కదా! మడమ కింద ఒక రబ్బరు సంచి పెడితే? అడుగడుక్కీ గాలి వేళ్ళకి కొడితే? ఎవడి ఫ్యాను వాడి బూటులోనే!

ఏలూరు పవర్‌పేటలో బూట్లు కుట్టే మస్తాన్ గారి దగ్గరికి వెళ్ళాను. నిజానికి ఆయన నన్ను తిట్టి పంపేసి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ ఖర్మ కొద్దీ ఆయన నాకంటే ఉత్సాహవంతుడు. కాగితం మీద నేను గీసింది చూసి కళ్ళద్దాలు తీసేశారు.

"ఊపిరి పీల్చే బూటండీ ఇది! ముప్పై ఏళ్ళుగా బూట్లు కుడుతున్నానండీ, దానికి ముక్కు పెట్టాలని ఒక్కనాడూ తోచలేదు!"

ముక్కు పెట్టారు. మడమ వెనక బొటనవేలు దూరేంత కన్నం. దానికి లోపలికి మాత్రమే తెరుచుకునే సైకిలు ట్యూబు మూత. మడమ కింద రబ్బరు సంచి. ఆ సంచి రెండో మూతి వేళ్ళ దగ్గర తెరుచుకుంటుంది. వేళ్ళ మీద తోలుకి వరసగా చిల్లులు, గాలి బయటికి పోవడానికి.

"కన్నం కొంచెం పెద్దదైందేమో మస్తాన్ గారూ?" అన్నాను.

"గాలి విషయంలో పిసినారితనం ఎందుకండీ? ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఈ మూత ఉందే, లోపలికి వచ్చినదేదీ వెనక్కి పోదు!"

ఆ మాట ఆయన గర్వంగా అన్నారు. నేనూ గర్వంగానే విన్నాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కాబట్టి ముందు వట్లూరులో నడిచాను. అద్భుతం! ఫుస్, ఫుస్ మంటూ అడుగడుక్కీ వేళ్ళ మధ్య కొల్లేరు గాలి వీచినట్టుంది. సాయంత్రం సాక్సు విప్పితే పొడిగా ఉంది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, బతికే ఉన్నాను. మామ్మగారు గేటు దగ్గర ఆపారు.

"ఏంటి బాబూ ఆ చప్పుడు? కాళ్ళకేవన్నా ఉబ్బసం వచ్చిందా?"

"ఇది సైన్సు మామ్మగారూ."

"అలాగా. అయినా గేటు బయటే వదలండి."

గొప్ప ఆవిష్కరణలకి మొదట్లో ఆదరణ ఉండదని నాకు నేను చెప్పుకున్నాను.

నెల తిరిగింది. తొలకరి ముదిరింది. శేషగిరి గారు వచ్చారు. ఆ ఆదివారం గ్రేసమ్మ గారు ఒక కొల్లేరు లంక ఊళ్ళో, చర్చి బడిలో, చెరువుల్లో పనిచేసేవాళ్ళకి ఉచితంగా కాళ్ళు చూస్తున్నారని తెలిసింది. "ఇంతకంటే మంచి సమయం దొరకదు, పద" అన్నారు శేషగిరి గారు. నా మోటారు సైకిలు మీద బయల్దేరాం. దారి పొడుగునా ఆయనకి నా బూట్ల సిద్ధాంతం వివరించాను. ఆయన "ఊఁ" అంటూ విన్నారు. అద్దంలో చూస్తే, వర్షానికి ముఖం తుడుచుకుంటున్నారు కాబట్టి భావం కనబడలేదు.

ఊరి మొదట్లో బండి ఆపాల్సి వచ్చింది. పక్కన చేపల చెరువు గట్టు దాటి నీళ్ళు బాట మీదికి వచ్చేశాయి. బడిదాకా చీలమండలోతు. శేషగిరి గారు ప్యాంటు మడిచి, బూట్లు చేత్తో పట్టుకున్నారు.

"నువ్వూ విప్పవయ్యా."

"నాకు అక్కర్లేదు సార్. గాలి లోపల్నుంచి బయటికి కొడుతుంటే నీళ్ళు లోపలికెలా వస్తాయి?"

"మరి ఆ గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"మడమ వెనక కన్నంలోంచి సార్."

"ఆ కన్నం ఇప్పుడెక్కడుంటుంది?"

ఈ ప్రశ్నకి జవాబు ఆలోచిస్తూనే నీళ్ళలోకి అడుగుపెట్టాను. చదువుకున్నవాడికి ఆలోచన కంటే అడుగు ముందు పడకూడదు. పడింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నా బూట్లు ఆ రెండు పనులూ ఒకేసారి చేయడం మొదలుపెట్టాయి. కాలెత్తితే వెనక కన్నం గటగటా నీళ్ళు తాగుతోంది. కాలు మోపితే ముందు చిల్లుల్లోంచి పిచికారీలా కొడుతోంది. నాలుగడుగులు వేసేసరికి శేషగిరి గారి మడిచిన ప్యాంటు తడిసింది.

"ఏమయ్యా, కాస్త చూసి నడువు!"

"నేను చూసే నడుస్తున్నాను సార్. బూట్లే చూడడం లేదు."

మెట్టెక్కి బడి వరండాలోకి వచ్చాక ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. కడుపునిండా తాగి ఉన్నాయి కదా! బెంచీల మీద ఊరంతా కూర్చుని ఉంది. చివర తెల్లచీరలో గ్రేసమ్మ గారు. నేను టై సర్దుకుని, చిరునవ్వుతో ఆవిడ వైపు నడిచాను. ఎడమ కాలు వేస్తే ఎడమవైపు వరస తడిసింది. కుడి కాలు వేస్తే కుడివైపు వరస. పెళ్ళిపందిట్లో పన్నీరు చల్లినట్టు, ఎవరికీ లోటు చేయకుండా అందరి మీదా చల్లుకుంటూ వెళ్ళాను. చివరి అడుగుతో డాక్టరుగారి తెల్లచీర కుచ్చిళ్ళు గోధుమరంగుకి తిరిగాయి.

ఆవిడ తన చీర చూసుకున్నారు. తర్వాత నా బూట్లు చూశారు.

"ప్రసాద్ గారూ, ముందు అవి విప్పండి."

విప్పాను. ఎడమ బూటు వంచితే మట్టినీళ్ళు. కుడి బూటు వంచితే మట్టినీళ్ళు, వాటి వెనకే తళుక్కుమంటూ ఒక చేపపిల్ల. నేలమీద పడి టపటపా కొట్టుకుంది. మస్తాన్ గారు చెప్పింది నిజమే. లోపలికి వచ్చింది వెనక్కి పోలేక, ముందుకే వచ్చింది.

"అయ్యబాబోయ్!" అని ముందు వరసలో ఒకావిడ లేచారు. "మా చెరువులో వేసిన పిల్లండీ అది! గట్టు మీంచి నీళ్ళతో కొట్టుకుపోయిందని ఏడుస్తున్నాం, ఈయన బూటులో దాచారండీ!"

"ఇంకో బూటు కూడా దులపమనండీ!" అన్నారు వెనకనుంచి ఇంకెవరో.

అప్పుడు పేలింది నవ్వు. శేషగిరి గారు గోడవైపు తిరిగి నిలబడ్డారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారా, నవ్వుతున్నారా అన్నది నేను ఇప్పటికీ అడగలేదు. ఆ చేపపిల్లని చెంబులో వేసి తీసుకెళ్ళారు. దానికి దక్కినపాటి మర్యాద నాకు దక్కలేదు.

ఎందుకంటే గ్రేసమ్మ గారి చూపు ఈలోగా నా సాక్సు మీద పడింది. "అవీ తీయండి" అన్నారు. తీశాను. కొత్త బూట్లు వచ్చేముందు నెలల తరబడి నానిన వేళ్ళు కదా, దానికి తోడు ఈ స్నానం. పొట్టు ఊడుతున్న మినప్పప్పులా ఉన్నాయి. సందులన్నీ ఎర్రగా ఒరిసిపోయి ఉన్నాయి. రోజూ దురద పెడుతున్నా, ఎండాకాలమని సరిపెట్టుకున్నాను.

"ఇలా దగ్గరికి రండమ్మా అందరూ" అని పిలిచారు ఆవిడ. "వేళ్ళ సందులు పాసిపోవడమంటే ఏమిటో బొమ్మలు చూపించి చెబుదామనుకున్నాను. దేవుడు మనిషినే పంపించాడు."

నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, పుల్లతో ఒక్కొక్క వేలూ ఎడంచేసి చూపించారు. ఊరంతా వరసలో వచ్చి చూసి వెళ్ళింది. ఒక పెద్దాయన జాలిగా అడిగారు.

"పాపం, ఈ బాబు ఏ చెరువులో పనిచేస్తారండీ?"

"చెరువులో కాదండీ" అన్నారు గ్రేసమ్మ గారు. "ఈ జబ్బుకి మందు అమ్ముతారు."

రెండో నవ్వు మొదటిదాని కంటే పెద్దది.

జనం పలచబడ్డాక ఆవిడ నెమ్మదిగా అడిగారు. "మీ మందు మీరు రాసుకోలేదా?"

"శాంపిళ్ళు డాక్టర్లకేనండీ."

"అయితే ఒక పని చేయండి. మీ ఆయింట్‌మెంటు కుడికాలికి రోజూ రాయండి. ఎడమకాలికి రాయకండి. బూట్లు మాత్రం వద్దు, చెప్పులేసుకుని తిరగండి. నెలాఖరుకి వచ్చి రెండు కాళ్ళూ చూపించండి. అప్పుడు మీ మందు సంగతి చూస్తాను."

శేషగిరి గారు ఒక్క ఉదుటున వెనక్కి తిరిగారు. "తప్పకుండా చూపిస్తాడండీ!" అన్నారు. నా కాళ్ళ మీద ఆయనకి అంత నమ్మకం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ నెలంతా మెడకి టై, కాళ్ళకి హవాయి చెప్పులు. భీమడోలు స్టేషన్లో ఒకాయన, రైల్లో నా బూట్లు ఎవరో కొట్టేశారనుకుని ఓదార్చారు. నేను మాత్రం కుడికాలిని కన్నకొడుకులా, ఎడమకాలిని సవతికొడుకులా చూశాను. కుడికాలికి పొద్దునా సాయంత్రం మందు. ఎడమకాలికి దిక్కు దేవుడు. నా పర్మనెంటు ఉద్యోగం కుడికాలి మీద ఆధారపడి ఉంది మరి.

నెలాఖరున తాడేపల్లిగూడెం వెళ్ళాం. ఈసారి నర్సు కిటికీ తెరవలేదు. గ్రేసమ్మ గారు నా కుడికాలు లైటు కింద పెట్టి చూశారు.

"పూర్తిగా తగ్గిపోయింది" అన్నారు ఆవిడ.

"చెప్పాను కదండీ!" అన్నారు శేషగిరి గారు, నా కాలికి మందు తనే రాసినట్టు.

ఆవిడ ఎడమకాలు చూశారు. ఇంకా కాసేపు చూశారు.

"ఇదీ పూర్తిగా తగ్గిపోయిందండీ."

శేషగిరి గారు నా రెండు కాళ్ళనీ మార్చి మార్చి చూశారు. ఆవిడ మందుల చీటీ తీసి, మొదటి పేషెంటుని పిలవమని నర్సుకి చెప్పి, ఏదో రాయడం మొదలుపెట్టారు. శేషగిరి గారు ఆశ చంపుకోలేక ముందుకి వంగారు.

"మరి... ఏం రాస్తున్నారండీ?"

"చెప్పులు."

నా మీద జాలేసిందో ఏమో కానీ, మేం లేచి వచ్చేస్తుంటే ఆవిడే వెనక్కి పిలిచారు. "మీ కంపెనీ దగ్గు సిరప్ రాస్తానులెండి, అది మంచిదే. దానికి ప్రసాద్ గారు దగ్గి చూపించక్కర్లేదు." ఆ సిరప్ పుణ్యమా అని నా ఉద్యోగం నిలబడింది. ఆయింట్‌మెంటు నిలబడలేదు.

అందుకే ఈ సందర్భంగా, చదివే మీ అందరి సాక్షిగా, రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టి నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఈ జన్మలో అరికాలి మంటని అరికాల్లోనే ఉండనిస్తాను. చచ్చినా నెత్తికెక్కనివ్వను.