బాపు రుమాలులో ఐదో మచ్చ

దయ్యాల మాట ఎత్తితే మా ఆఫీసులో అందరూ నా వైపు చూసి నవ్వుతారు. కొలతకు లొంగనిది ఏదీ లేదని వాదించేవాణ్ణి నేనే. డ్రాఫ్ట్స్‌మన్ చదువు చదివాను; రోజంతా స్కేలు, పెన్సిలు, ట్రేసింగు కాగితంతోనే పని. నమ్మమని ఎవరినీ అడగను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది పోచంపల్లి. బాపు నేతపని చేసేవాడు. మా దగ్గర నేయకముందే నూలును చట్రానికి చుట్టి, తెలుపు మిగలాల్సిన చోటల్లా గట్టిగా కట్లు కట్టి, రంగులో ముంచుతారు. కట్టు ఉన్నచోట రంగు ఎక్కదు; ఆరాక కట్లు విప్పి నేస్తారు. బట్టలో ఏ పువ్వు ఎక్కడ రావాలో కట్టేటప్పుడే తేలిపోతుంది. బాపు కట్టు తప్పడం ఊళ్ళో ఎవరూ చూడలేదు.

ఒక ఏడు ఆయన తన భుజం మీదికని ఒక ఎర్ర రుమాలుకు నూలు కట్టుకున్నాడు. నేసి చూస్తే ఉండకూడని చోట్ల తెల్ల మచ్చలు. నడుమ నిలువుగా మూడు, వాటి కింద ఎడమకు ఒకటి, ఇంకా కిందికి, కుడివైపు ఇంకొకటి.

అమ్మ ఊరుకోలేదు. "కండ్లు మసకలొచ్చినయా? గిట్ల కడితే బట్ట కొనే సేటు మొకం మీద కొడ్తడు."

"నా రుమాలేనాయె, సేటుకేం బాధ? అయినా గవి నేను కట్టలే," అన్నాడు బాపు.

అప్పటికి ఆయనకు ఏ నొప్పీ లేదు.

చలికాలంలో నడుము నొప్పి మొదలైంది. తర్వాత మగ్గం గుంటలోకి దిగలేకపోయాడు. హైదరాబాదులో పెద్ద దవాఖానకు తీసుకుపోతే, మూత్రాశయం కింది గ్రంథిలో క్యాన్సర్ పుట్టి ఎముకలకు పాకిందన్నారు. కోసి తీసే దశ దాటిందట. ఆ జబ్బు మగ హార్మోను మీద బతుకుతుంది కాబట్టి, దాన్ని అణచడానికి ఆడ హార్మోను మాత్రలిచ్చారు. నయం కాదు, నొప్పి తగ్గవచ్చు అని డాక్టరు దాచకుండా చెప్పాడు.

నిజంగానే తగ్గింది. కొన్ని వారాలకు బాపు లేచి నడిచాడు. మీసం పలచబడింది, ఛాతీ ఉబ్బింది.

"గీ గోలీలు ఇంకిన్ని మింగితే మీ అమ్మకు చెల్లెనైత కొడుకా," అని నవ్వేవాడు.

"ఉన్న సోకులు చాలు గని, మింగు," అనేది అమ్మ.

ఆయనకు ఒకటే ఆశ. మళ్ళీ గుంటలో కూర్చుని, కాళ్ళతో చెక్కలు తొక్కుతూ నేయాలి. సోమవారం మంచిరోజని చూసుకున్నాడు కూడా.

ఆదివారం మధ్యాహ్నం నేను ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూస్తున్నాను. బయట తీగ మీద బాపు రుమాలు ఆరేసి ఉంది. ఫిల్ములో వెన్నుపూసల మీద మూడు తెల్ల మచ్చలు, ఎడమ తుంటిలో ఒకటి. వాటి వెనకే రుమాలు మచ్చలు వచ్చి కూర్చున్నాయి.

కంటి భ్రమ అనుకున్నాను. రుమాలు లోపలికి తెచ్చి, కొలతలు తీసి, ట్రేసింగు కాగితం మీద దామాషాకు తగ్గించి గీశాను. ఫిల్ము మీద పెట్టాను. తేడా రాలేదు.

ఫిల్ము తుంటి దగ్గరే ఆగిపోయింది. రుమాలు ఆగలేదు. ఐదో మచ్చ ఫిల్ము అంచు దాటి, కుడి తొడ ఉండాల్సిన చోట ఉంది.

మర్నాడు ఆయన్ను గుంటలో దిగనీయకుండా బస్సెక్కించాను.

"మంచిగున్న కాలుకు దవాఖాన ఎందుకుర? మంచిరోజు పాడుచేస్తివి," అని దారంతా గొణిగాడు.

డాక్టరుకు రుమాలు సంగతి ఏమని చెప్పను? తొడ నొప్పి అంటున్నాడని చెప్పాను. డాక్టరు తొడకు కొత్త ఫిల్ము తీయించి చూశాడు. సరిగ్గా ఐదో మచ్చ చోటే ఎముకను జబ్బు తినేసి ఉంది. ఈ కాలితో గట్టిగా ఏది తొక్కినా విరిగేదే అన్నాడు.

బాపు మళ్ళీ గుంటలోకి దిగలేదు. మాత్రలు మింగుతూ, కాలు చాపుకుని కూర్చుని నూలు కట్లు కట్టేవాడు. అలా రెండేళ్ళు బతికాడు. కాలు మాత్రం విరగలేదు.

ఒళ్ళు దాచిన జబ్బు వేళ్ళకు ముందే తెలిసిందేమో అనుకుందామంటే, తొడలో ఆ నూలు కట్టేనాటికి జబ్బు ఉందో లేదో కూడా తెలియదు. అనుకోకుండా కుదిరిందంటే, నా ట్రేసింగు ఒప్పుకోదు.

చివరగా ఆయన నాకోసం ఒక రుమాలుకు నూలు కట్టాడు. మేమే రంగులో ముంచి ఆరబెట్టాం.

"ఇప్పియ్యి కొడుకా, నేసిస్త," అని అమ్మ అడుగుతూనే ఉంటుంది.

ఇలాంటివి నమ్మనని ఇప్పటికీ అంటాను. ఆ నూలు మాత్రం కట్లు విప్పకుండానే నా పెట్టెలో ఉంది.