ఎనిమిదింటికి అమ్మ గొంతు

అమ్మ పోయాక నాన్న బీపీ మాత్ర వేసుకోవడం మానేశాడు. కిరండూల్ లైన్లో ఇనుప ఖనిజం గూడ్సు బళ్లు నడిపి రిటైరైన మనిషి. అప్పటికే ఒకసారి మూతి పక్కకు పోయి, ఎడమ చెయ్యి పడిపోయి, ఎలాగో తేరుకున్నాడు. "దవా మత్ ఛోడ్‌నా, దాదా" అంటూ, మందు మానొద్దని అక్కడి డాక్టరు గట్టిగా చెబితే "జీ, జీ" అన్నాడు. హిందీలో ఒప్పుకుని, ఇంటికొచ్చి తెలుగులో మరిచిపోయాడు.

నేను గనుల టౌన్‌షిప్‌లో కంప్యూటర్ల పని చూసేదాన్ని. ఏడింటికే బస్సెక్కాలి. ఆయన మాత్ర ఎనిమిదింటికి, టిఫినయ్యాక. ఫోన్ చేస్తే ఎత్తడు.

అమ్మ ఒకసారి బొబ్బిలి వెళ్లినప్పుడు నాన్నకి వినిపించమని పంపిన వాయిస్ మెసేజ్ నా ఫోన్లో ఉండిపోయింది. "ఏవండీ, మాత్ర ఏసుకున్నారా? నాకు తెల్దనుకోకండి." దాన్ని ఇంట్లో ఉన్న నా కంప్యూటర్లో పెట్టి, రోజూ ఎనిమిదింటికి దానంతటదే మోగేలా ఒక ఆదేశం రాశాను. ఆదివారం నేనే కూర్చుని చేత్తో నడిపి చూశాను. అమ్మ గొంతు వినగానే నాన్న కుర్చీలోంచి లేచి "ఏసుకుంటానే" అన్నాడు. వేసుకున్నాడు కూడా. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

సోమవారం సాయంత్రం వచ్చేసరికి మాత్ర అలాగే ఉంది.

"పలకలేదు తల్లీ. కూకునే ఉన్నాను," అన్నాడు.

కంప్యూటర్ రాసుకునే లాగ్ చూస్తే ఆ పని ఎనిమిదింటికి జరిగినట్టే ఉంది. చేత్తో నడిపితే మళ్లీ పలికింది. మంగళవారం మళ్లీ మౌనం. నాకు ఒళ్లు మండింది. స్పీకరు మార్చాను, వైరు మార్చాను, ఆ డబ్బాను నానా తిట్లూ తిట్టాను.

"నువ్వు దాని ముందు కూకుంటేనే మాటాడతాది మీయమ్మ," అన్నాడు నాన్న. ఊరుకోమని కసిరాను గానీ, జరుగుతున్నది అదే.

ఆ పని ఏం గొణుగుతోందో ఒక ఫైల్లోకి రాయించాను. స్పీకరుకు దారి దొరకలేదట. నేను కూర్చుని ఆదేశం కొడితే, శబ్దం ఎటు పోవాలో, ఏది ఎక్కడుందో నేను లాగిన్ అయిన సెషన్‌కు ముందే తెలిసి ఉంటుంది. గడియారం లేపే పని మాత్రం కట్టుబట్టలతో వస్తుంది, ఆ వివరాలేవీ దాని దగ్గర ఉండవు. కావలసిన దారిని ఆదేశానికి ముందే ఒక వరుసలో రాసిచ్చి, మర్నాడు సెలవు పెట్టి, కంప్యూటర్ జోలికి పోకుండా పక్కగదిలో కూర్చున్నాను. ఎనిమిదికి అమ్మ పలికింది. నాన్న మాత్ర మింగి "ఏసుకున్నాను" అన్నాడు. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒక సాయంత్రం నేనింకా చెప్పులు విప్పుతుండగానే, "అది ఆపీ తల్లీ" అన్నాడు.

"ఏం, పలకట్లేదా?"

"పలుకుతాది. రోజూ అడుగుతాది. ఏసుకున్నానే అంటే ఇనిపించుకోదు. ఇన్నేళ్లలో మీయమ్మ నన్నెప్పుడూ అలాగ బదులు చెప్పకుండా వదిలీలేదు."

ఆ ఆదేశం చెరిపేసి, ఆఫీసులో బతిమాలి ఆలస్యంగా వెళ్లే షిఫ్టు వేయించుకున్నాను. మొదటిరోజు ఎనిమిదింటికి నేనే అడిగాను.

"మాత్ర వేసుకున్నావా నాన్నా?"

"ఏసుకున్నాను," అన్నాడు, ఎర్రధూళి పట్టిన కిటికీవైపు చూస్తూ. మాత్ర బల్ల మీదే ఉంది. అమ్మలా దబాయించడం నాకు చేతకాలేదు. నీళ్లగ్లాసు పట్టుకుని ఆయన ముందు నిలబడితే నాకే ఏడుపు ముంచుకొచ్చింది. అప్పుడు వేసుకున్నాడు, నన్ను ఊరుకోబెట్టడానికి.