తొమ్మిదో మంచం, శ్వాస పద్దెనిమిది

కరోనా తగ్గిన మరుసటి ఏడాది నేను తిరువళ్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మగవాళ్ల మెడికల్ వార్డుకు ఇన్‌ఛార్జి సిస్టర్‌గా ఉన్నాను. అంతకుముందు చాలా ఏళ్లు తిరుత్తణిలోని చిన్న ఆసుపత్రుల్లో పనిచేశాను. ఇన్‌ఛార్జి అంటే స్టాఫ్ నర్సులకు పైన, నర్సింగ్ సూపరింటెండెంటుకు కింద. వార్డులో మంచి జరిగితే పేరు డాక్టరుకు, చెడు జరిగితే మాట ఇన్‌ఛార్జికి.

ఆ ఏడాది యాజమాన్యం ప్రతి మంచానికీ ఒక చేతి బ్యాండు కొన్నది. చూడటానికి వాచీలాగే ఉంటుంది. దాని అడుగున ఉన్న పచ్చని వెలుగు చర్మం కింద రక్తం పొంగి తగ్గే తీరును పసిగడుతుంది. దాన్నిబట్టి నాడి ఎంత, నిమిషానికి శ్వాసలు ఎన్ని అని అంచనా కట్టి నర్సుల బల్ల మీది తెరకు పంపుతుంది. పెద్దవాళ్లకు శ్వాస పన్నెండు నుంచి ఇరవై దాకా ఉంటే సరి. ఇరవై ఐదు దాటితే డాక్టరును పిలవాలి. ఒంట్లో ఏదైనా చెడబోతుంటే చాలాసార్లు బీపీ కంటే ముందు శ్వాసే చెబుతుంది. అందుకే బ్యాండు వస్తోందంటే అందరికంటే నేనే ఎక్కువ సంతోషించాను.

తమిళుల ఆడి నెలలో చెంగయ్య అనే ఆయన న్యుమోనియాతో చేరాడు. తిరుత్తణి దగ్గర మగ్గం నేసే మనిషి. తొమ్మిదో మంచం ఇచ్చాం. నాలుగో రోజుకు జ్వరం తగ్గింది. మధ్యాహ్నం ఇంటికి పంపమని డ్యూటీ డాక్టరు ఉదయం రౌండ్సులో డిశ్చార్జి రాసేశాడు. పదకొండింటికి చెంగయ్య భార్య రాజమ్మ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఆయప్పకి మూచ్చు వాంగతా ఉంది. తెల్లారినప్పట్నించీ అట్లనే రొప్పతా ఉండాడు. ఇట్లాంటి మనిషిని యాడికని తీసకపొయ్యేది?"

డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు కల్పన తెర చూపించింది. "పొద్దున్నించీ పద్దెనిమిదే ఉంది సిస్టర్, నార్మలే. ఆయమ్మ ఊరికే బయపడతా ఉంది."

లేచి వెళ్లాను. చెంగయ్య మంచం అంచున కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని ఉన్నాడు. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. మూడు మాటలు చెప్పి ఆగిపోతున్నాడు. శ్వాస లెక్కపెట్టడానికి మాకొక పద్ధతి ఉంది. లెక్కపెడుతున్నారని తెలిస్తే రోగి ఊపిరి మార్చేస్తాడు కాబట్టి, నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, రొమ్ము లేచి పడటాన్ని నిండు నిమిషం లెక్కపెట్టాలి. అలాగే చేశాను. ముప్పై ఆరు.

చెయ్యి పట్టుకున్నప్పుడే సంగతి బయటపడింది. ఆయన ఆడి కృత్తిక పండక్కి తిరుత్తణి కొండకు కావడి ఎత్తుతానని మొక్కుకుని కాపు కట్టుకున్నాడు. పసుపు దారం, దానికి ఒక పసుపు కొమ్ము. మొక్కు తీరేదాకా విప్పకూడదు. ఎడమ చేతికి సెలైన్ సూది ఉంది. అందుకని కల్పన కుడి చేతికి, కాపు మీదనే బ్యాండు బిగించింది. ఆమెదీ నేతవాళ్ల ఇల్లే, కాపు జరపమనడానికి నోరు రాలేదు. రాత్రంతా ఎలాగో చర్మానికి తగిలిన బ్యాండు తెల్లవారుజామున కొమ్ము మీదికి ఎక్కి కూర్చుంది. చర్మానికి తగలనప్పుడు తెర మీద అంకె బదులు ఉత్త గీత కనిపించాలి కదా? ఈ మహత్తర యంత్రం ఆఖరున దొరికిన అంకెనే చూపిస్తూ పోయింది!

డ్యూటీ డాక్టరుకు ఫోను చేస్తే, సిస్టంలో నార్మల్ ఉంది కదా, సిస్టం కంటే మీకు ఎక్కువ తెలుసా అన్నాడు. వార్డు మర్యాద ప్రకారం నేను అక్కడ ఆగాలి. ఆగలేదు. కేసు షీటులో టైముతో సహా "శ్వాస 36, నిమిషం లెక్కపెట్టాను" అని రాసి నేరుగా చీఫ్ డాక్టరును పిలిచాను. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ చీము కనబడింది. గొట్టం వేసి తీశారు, ఐసీయూకు మార్చారు. చెంగయ్య బతికాడు.

మూడో రోజు నాకు మెమో వచ్చింది. పరికరం చూపిన అంకెకు విరుద్ధంగా రాసి రోగి బంధువుల్లో అనుమానం కలిగించానట, సంజాయిషీ ఇవ్వాలట. ఒళ్లు మండిపోయింది. మనిషికి చావు తప్పిందన్న సంతోషం లేదు, అంకెకు పరువు పోయిందనే వీళ్ల బాధ!

విచారణకు మేనేజరుతోపాటు బ్యాండ్ల కంపెనీ మనిషి కూడా వచ్చాడు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. అందుకని నేనే అడిగాను, మీ అంకె సరైనదని ఎట్లా తేల్చారని. ఆయన ఉత్సాహంగా ల్యాప్‌టాప్ తెరిచాడు. కొనేముందు మా వార్డులోనే రెండు వారాలు బ్యాండ్లు పెట్టి చూశారు, అప్పటి లెక్కలట అవి. ఒక పక్క బ్యాండు అంకె, పక్కన మా నర్సులు ఛార్టులో రాసిన అంకె. రెండూ దాదాపు కలిశాయట. బ్యాండు ఇరవై ఏడు, ముప్పై చూపిన పద్నాలుగు చోట్ల మాత్రం "పరికరం తప్పు" అని ఎర్రగా గుర్తుపెట్టి, తర్వాత మా ఛార్టుకు కలిసేలా బ్యాండును సరిచేశారట.

మా ఛార్టు వరస చూశాను. 18, 20, 18, 18, 20. ఉబ్బసం ఉన్నవాడికీ పద్దెనిమిదే, కాలు వాచినవాడికీ పద్దెనిమిదే. రెండు వారాల్లో ఒక్క పదిహేడు లేదు, ఒక్క ఇరవై మూడు లేదు. జ్వరం, నాడి, బీపీ కొలిచేవాళ్లం. శ్వాస మాత్రం రోగి ముఖం చూసి రాసేవాళ్లం. నేను అలాగే నేర్చుకున్నాను, అలాగే నేర్పాను. ప్రతి పేజీ కింద ఇన్‌ఛార్జి సంతకం నాదే. దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

అయినా నోరు మూసుకోలేదు. ఈ అంకెలు ఎవరూ లెక్కపెట్టి రాసినవి కావు, ఆ పద్నాలుగు చోట్ల బ్యాండే సరి అయి ఉండవచ్చు అని ఆ గదిలోనే చెప్పాను. మేనేజరు చేసిన మొదటి పని గది తలుపు వేయించడం. మెమో వెనక్కి తీసుకున్నారు, బ్యాండు తగలనప్పుడు తెర మీద గీత కనిపించేలా మార్చారు. ఆ పద్నాలుగు అంకెలు ఏ రోగులవో వాళ్ల పేర్లు అడిగాను, ఇంటికి వెళ్లాక ఎలా ఉన్నారో కనుక్కుందామని. ఇవ్వలేదు. నేను రిటైరయ్యేదాకా అడుగుతూనే ఉన్నాను.

కొలవకుండా రాసిన అంకె ఛార్టులో పడి ఊరుకోదు. రేపు నిజమైన అంకె వచ్చినప్పుడు దాన్ని తప్పని కొట్టేయడానికి అదే సాక్ష్యమవుతుంది. నిమిషం నిలబడి లెక్కపెట్టే తీరిక లేని రోజున నర్సు ఆ గడిని ఖాళీగా వదిలేయాలి.