నలభై ఒక్క సంతకాలు

మ్యూజియం చూడవచ్చే జనానికి పై అంతస్తులు. ఆ అమ్మాయికి దక్కినది నేలమాళిగ. చరిత్ర డిగ్రీ చివరి ఏడాదిలో ఎక్కడైనా ఎనిమిది వారాలు ఇంటర్న్‌షిప్ చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే తప్ప పరీక్షకు కూర్చోనివ్వరు. మొదటి రోజున స్టోర్ కీపరు ఆమెను ఎగాదిగా చూశాడు.

“వచ్చిందమ్మా మరో మహారాణి. ఏడాదికొకర్ని తోలతారు నా నెత్తిమీదికి.”

“నమస్కారం సార్.”

“ఆ నమస్కారాలు పైవాళ్ళకి పెట్టుకో. ఇక్కడ దుమ్ముంటుంది, ఎలకలుంటాయి, నేనుంటాను. మూడింట్లో ఏది కరిచినా ఫిర్యాదు చెయ్యకూడదు.”

సిబ్బంది ఆయనను చాటున గబ్బిలం అనేవారు. ఆ పేరు ఆయనకు తెలుసు. తెలిసినట్టు తెలియనివ్వలేదు, అంతే. ఆమెకు కుర్చీ వేయలేదు. ఉన్న ఒక్క ఫ్యాను మొగాన్ని తనవైపు తిప్పుకున్నాడు. కార్డులు తడుస్తాయని ఆమె నీళ్ళసీసాను బల్లమీదనుంచి తీసి నేలమీద పెట్టాడు. ఆయన టీగ్లాసు మాత్రం రోజంతా ఆ కార్డుల కట్టమీదే కొలువుదీరి ఉండేది.

ఆ గదిలో ప్రతి పెట్టెకూ ఒక కార్డు. పైన వస్తువు వర్ణన. కింద ఏటేటా తనిఖీ చేసినవారి తేదీ, వస్తువు స్థితి, సంతకం. పెట్టె తెరిచి, వస్తువును చూసి, వర్ణనతో పోల్చి రాయాలన్నది నియమం. పై గడిలోని మాటను కింది గడిలోకి దించడం ఆచారం. ఆ మాట ‘యథాతథం’.

అది అవ్యయం. లింగ వచన విభక్తులేవీ దానికి అంటవు. వాక్యంలో ఎక్కడ కూర్చోబెట్టినా ముఖం మార్చుకోకుండా కూర్చుంటుంది. అధికారులకు ఆ మాటమీద ఉన్న మమకారం అందుకేనేమో. నల్లబల్ల నిలువునా చీలిన తరగతిలో కూర్చుని, ‘బోధనోపకరణాలు యథాతథం’ అని రాసి, వక్కపొడి నములుతూ వెళ్ళిపోయిన ఇన్‌స్పెక్టరు ఒకాయన పూర్వం ఉండేవాడు. ఆయన చేతిరాత ముత్యాలకోవ. పోనివ్వండి, అమ్మాయి దగ్గరికి వద్దాం.

“పెట్టె తెరవొద్దా సార్?” అని ఆమె మొదటి కార్డు దగ్గరే అడిగింది.

“తెరిస్తే ఏం కనిపిస్తుంది? లోపలున్నదే కదా. రాయి.”

“చూడకుండా ఎలా...”

“ఇదుగో, నీకంటే ముందు పాతికమంది రాశారు. వాళ్ళందరూ గుడ్డివాళ్ళూ, నువ్వొక్కదానివే కళ్ళున్నదానివా? సర్టిఫికెట్ కావాలా, వద్దా?”

కావాలి. రాసింది. మూడు వారాలలో నలభై ఒక్క కార్డులు నిండాయి. పాత సంతకాలు ఏడాదికొక తీరుగా ఉండడం ఆమె గమనించకపోలేదు. అన్నీ విద్యార్థులవే, వేసవికి వచ్చి, రాసి, వెళ్ళిపోయినవాళ్ళవి. స్టోర్ కీపరు సంతకం ఒక్క కార్డుమీదా లేదు.

నలభై రెండో పెట్టెను అరమీదనుంచి దించుతుండగా చివికిన తాడు తెగి మూత జారింది. లోపల ఒక మట్టి కూజా. ‘రెండు పిడులు, పగుళ్ళు లేవు’ అంటోంది కార్డు. కూజాకు ఉన్నది ఒక్క పిడి. రెండోది ఉండవలసిన చోట గరుకు మొండి, దాని గుంటలో ఎండిన సాలెగూడు. విరిగిన ముక్క కోసం పెట్టెలోని గడ్డినంతా తడిమింది. లేదు.

ఆమె తల్లి బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం నడుపుతుంది. వచ్చిన ప్రతి చొక్కానూ తెచ్చినవాళ్ళ ఎదుటే విప్పి పరిచి, “చంక కింద చిరుగుంది, చూసుకోండి” అని చెప్పనిదే మూటలో వేయదు. ఆ ఇంటిపిల్లకు చేయి ఊరుకోలేదు. ‘ఒక పిడి లేదు. విరిగిన చోట సాలెగూడు ఉంది. ముక్క పెట్టెలో లేదు’ అని రాసి, సంతకం పెట్టింది.

టీ తాగి వచ్చిన గబ్బిలం ఆ గడి చదివాడు. మళ్ళీ చదివాడు.

“ఎంత పని చేశావే! ఇక్కడ ఎవరు మొదట రాస్తే వాళ్ళే సంజాయిషీ ఇవ్వాలి. తెలుసా నీకు?”

“నేను విరగ్గొట్టలేదు సార్.”

“నిన్నటిదాకా బాగుంది. ఇవాళ నువ్వు ముట్టుకున్నావు, విరిగింది.”

“ఇవాళ విరిగితే సాలీడు అప్పుడే కాపురం పెట్టేసి, ఖాళీ కూడా చేసి వెళ్ళిందా సార్?”

ఆయన కార్డు లాక్కుని, ఆమెను వెంటబెట్టుకుని పైకి నడిచాడు.

క్యూరేటరు మెత్తగా మాట్లాడే మనిషి. అంతా విని, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

“కొత్త కార్డు ఇస్తారమ్మా. పై గడిలో ఉన్నదే రాసెయ్. ఎనిమిది వారాలూ కాగానే సర్టిఫికెట్ పట్టుకెళ్ళు.”

“రాయకపోతే అండీ?”

“నీ చేతిలో విరిగిందని మీ కాలేజీకి రాస్తాను. నలభై ఒక్క పెట్టెలు తెరిచి చూశాను, బాగున్నాయని సంతకాలు పెట్టావు. నలభై రెండోది ముందే విరిగి ఉందంటే ఎవరు నమ్ముతారు? నీ సంతకాలే నీమీద సాక్ష్యం.”

గబ్బిలం కిటికీవైపు తిరిగి మీసం దువ్వుకున్నాడు.

ఆ సాయంత్రం ఇస్త్రీబల్ల పక్కన నిలబడి ఆమె జరిగినదంతా చెప్పింది. తల్లి ఇస్త్రీపెట్టెను నిలువునా ఆనించింది.

“చూడకుండా ఎందుకు పెట్టావే సంతకం?”

“పెట్టమన్నారమ్మా.”

“దుకాణంలో నీ ఎదురుగా ఇన్నేళ్ళుగా గొంతు చించుకుంటున్నానే! బుద్ధి గడ్డి తిందా?” ఇస్త్రీ అయిన చొక్కాను మడిచి పక్కన పెట్టింది. “సరే, పెట్టావు. చూడకుండానే పెట్టానని ఇప్పుడు రాసియ్యి.”

“అలా రాస్తే సర్టిఫికెట్ రాదు. ఏడాది పోతుంది.”

“పోతుంది” అంది తల్లి. ఓదార్పు మాట ఒక్కటీ కలపలేదు.

మరునాడు ఆమె ఉత్తరం రాసింది. నలభై ఒక్క కార్డుల సంఖ్యలూ వరుసగా వేసి, ఏ పెట్టెనూ తెరవకుండానే సంతకం చేశాననీ, అది తన తప్పేననీ, కూజాను మాత్రం చూశాననీ స్పష్టంగా చెప్పింది. ఒక ప్రతి కాలేజీకి పంపి, మరొకటి మ్యూజియం తపాలా విభాగంలో ఇచ్చింది. అక్కడి గుమాస్తా చదవకుండానే ముద్ర కొట్టి, రిజిస్టరులో ఎక్కించాడు. చదవకుండా చేసే పనులకు ఆ కార్యాలయం పెట్టింది పేరు. ఆ ఒక్కసారి అది ఆమెకు కలిసివచ్చింది. ముద్ర పడిన కాగితాన్ని చించడం క్యూరేటరుకు కూడా సాధ్యం కాదు.

సర్టిఫికెట్ ఇవ్వలేమని మధ్యాహ్నానికే చెప్పారు. కానీ ఉత్తరం రిజిస్టరుకెక్కింది కనుక పక్కన పడేసే వీలులేక, సంతకం చేసిన విద్యార్థిని ఎదుటే నలభై ఒక్క పెట్టెలూ తెరవాలనీ, కార్డుమీద స్టోర్ కీపరు కూడా సంతకం చేయాలనీ ఉత్తర్వు వచ్చింది.

“నాకింక నాలుగు నెలలే సర్వీసుంది. పొట్టమీద కొట్టావు కదే” అన్నాడు గబ్బిలం, తాళంచెవుల గుత్తి బల్లమీద విసిరి. “ఆ కూజాకి నేను చేరిననాడూ ఒకటే పిడి! వచ్చిన పిల్లలచేత ఇలాగే రాయించమన్నారు, రాయించాను. నోరు మూసుకుని బతికాను.”

“అయితే ఆ మాటే కార్డుమీద రాయండి సార్.”

“నీకు చెప్పాను చూడు, నన్ననాలి.”

మొదటి పెట్టె తెరిచాడు. కొమ్ముదువ్వెన. ఆమె పళ్ళు లెక్కపెట్టింది: ఇరవై మూడు, కార్డులో ఉన్నన్నే.

“బాగానే ఉంది! చూశావా? చూశావా?” అని ఆయన గది దద్దరిల్లేలా అరిచి, సంతకం గిలికి, రెండో పెట్టె మూత ఎత్తాడు. లోపలికి తొంగిచూశాడు. మూత తిరిగి దించి, దానిమీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

“ఇది కూడా బాగానే ఉంది. రాసుకో.”

“చెయ్యి తియ్యండి సార్” అంది ఆమె.