బోస్టన్‌కి వెళ్ళే చెట్టు

కెనడాలో హాలిఫాక్స్ దాటి గంటసేపు డ్రైవ్ చేశాక, ఒక ఇంటి పెరట్లో జనం కనిపిస్తే కారు ఆపాను. క్రిస్మస్‌కి అలంకరించే రకం, ఆకాశమంత స్ప్రూస్ చెట్టును క్రేన్‌కి కట్టి కోస్తున్నారు. చుట్టూ బడిపిల్లలు ఒకటే కేరింతలు, చప్పట్లు!

"ఇంత మంచి చెట్టును కొట్టేస్తుంటే చప్పట్లేంటండీ?" అన్నాను పక్కనున్న పెద్దావిడతో, కాస్త కోపంగానే.

"నాదే ఆ చెట్టు! ఈ ఏడు నా చెట్టునే సెలెక్ట్ చేశారు!" అంటూ ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది.

మొదటి ప్రపంచయుద్ధంలో హాలిఫాక్స్ రేవులో రెండు ఓడలు గుద్దుకుని, మందుగుండు ఓడ పేలి, రేవు పక్క ఊరంతా నేలమట్టమైందట. వెంటనే అమెరికాలోని బోస్టన్ నుంచి రైల్లో డాక్టర్లు దిగారట. ఊరు మళ్ళీ లేచింది. ఆ థాంక్స్ చెప్పడానికే ఇప్పటికీ ఏటా క్రిస్మస్‌కి అక్కడికి చెట్టు పంపుతారట.

"వందేళ్ళు దాటింది కదా, ఇంకానా?" అన్నాను.

"ఆ పేలుడుకి కిటికీ అద్దం పగిలి మా అమ్మమ్మకి ఒక కన్ను పోయింది. రెండోది ఆ డాక్టర్లు నిలబెట్టారు. మా అమ్మ పుట్టినప్పుడు ఆ కంటితోనే చూసుకుంది."

చెట్టును ఎక్కించుకుని లారీ కదిలింది. "థాంక్యూ బోస్టన్!" అని పిల్లలు అరిచారు. అయినవాళ్ళకి థాంక్స్ చెబితే పరాయివాళ్ళను చేసినట్టే అనుకుంటూ పెరిగినదాన్ని నేను. ఆ రోజు గొంతు పోయేలా అరిచాను.