వంతెనల వెనక వైపు చదివిన మాస్టారు

విశ్వేశ్వరం మాస్టారు దివంగతులయ్యారని పి.గన్నవరం నుంచి ఫోను వచ్చినప్పుడు నేను తరగతిలో పాఠం చెబుతున్నాను. ఎక్కడ ఆపానో గుర్తులేదు. నాకు చరిత్ర మీద మక్కువ కలిగించిన మహనీయుడు అస్తమించాడన్న శోకం కంటే ముందు, 'అయ్యో, ఇంక వెళ్లి ఆయన ఎదుట కూర్చోలేను కదా' అన్న బెంగే నన్ను కమ్మేసింది. సంస్మరణ రాయమని మిత్రులు అడిగారు. ఆ అర్హత నాకు లేదు. ఎందుకు లేదో చెప్పడానికే రాస్తున్నాను.

ఆయన మా హైస్కూలులో సాంఘికశాస్త్రోపాధ్యాయులు. పాత బొమ్మ కార్డులు ఆయన ఆజన్మవ్యసనం. మా ప్రాంతపు వంతెనలను ఫొటో తీసి స్టూడియోలవాళ్లు అచ్చువేసి అమ్మిన పోస్టుకార్డులవి. వైనతేయ నది మీదుగా కాలువను మోసుకెళ్లే పాత అక్విడెక్టు ఒంటరిగా ఉన్న కార్డు, దాని పక్కన కొత్తది లేస్తున్న కార్డు, ఇలా ఎన్నో. పెళ్లిభోజనాల పంక్తుల్లో సైతం పక్కవాళ్లను బతిమాలి సంపాదించారు. "ముందు వైపు బొమ్మ, వెనక వైపు కాలం" అని తరగతిలో కార్డు తిప్పి, వెనకనున్న ఉత్తరం, తపాలా ముద్ర చూపించేవారు.

ఒకసారి కాఫీ హోటల్లో ఒక పెద్దమనిషి, "ఇందులో కొత్త వంతెన లేదు కాబట్టి, ఇది అది కట్టకముందు పంపిన కార్డేనండి" అని పట్టుబట్టారు. మాస్టారు కార్డు తిరగేసి తపాలా ముద్ర చూపించారు. "బొమ్మ పాతదేనండి, అమ్మకం కొత్తది. దుకాణంలో సరుకు తరిగేదాకా పాత వంతెననే అమ్మేరండి, ఆయ్!" అన్నారు. ఓడిపోయినాయన కూడా పకపకా నవ్వేశారు.

ఇంత విని, ఇంత నేర్చుకుని నేను చేసిన నిర్వాకం వినండి. నిరుడు పూర్వవిద్యార్థులం మాస్టారికి సన్మానం తలపెట్టాం. కార్డుల ప్రదర్శన నా బాధ్యత. ఆయన పెట్టె నా చేతిలో పెట్టి, "జాగ్రత్తరా అబ్బాయ్" అన్నారు. ఫ్యాను గాలికి ఎగిరిపోతున్నాయని ఒక్కొక్క కార్డు వీపుకీ దట్టంగా జిగురు పూసి, బొమ్మలు పైకి కనబడేలా అట్టలకు అంటించేశాను. పైపెచ్చు మురిసిపోయాను కూడా! బుద్ధి గడ్డి తినడమంటే అదే.

భుజాన శాలువాతో మాస్టారు అట్టల దగ్గరికి వచ్చారు. అలవాటుగా ఒక కార్డు అంచు పట్టుకుని తిప్పబోయారు. రాలేదు. పక్కదీ రాలేదు. నావైపు చూసి, "చూడ్డానికి బాగుందిరా" అన్నారు. చెంప పగలగొట్టినా బాగుండేది. తరువాత తడిపి చూస్తే సిరా కరిగింది, లాగి చూస్తే కాగితం చిరిగింది.

"బెంగెట్టుకోకు. వెనకున్నవన్నీ నాకు కంఠతా వచ్చు. గురువారాలు రా, నేను చెబుతాను, నువ్వు రాసుకో" అన్నారు. వెళ్లాను. కళ్లు మూసుకుని, ఒక తల్లి కొడుక్కి రాసిన మాటలు చెప్పారు: "నాయనా, ఇక పంటు పడవ కోసం రేవులో కాచుకోనక్కర్లేదు. వంతెన తెరిచేరు. కోడల్ని తీసుకుని బండి మీద వచ్చెయ్యి." ఆ కంఠంలో రవ్వంత నిష్ఠూరం లేదు. అది లేకపోవడమే నేను భరించలేకపోయాను. మరుసటి గురువారం పరీక్షలన్నాను. ఆ తరువాత ఎవరిదో పెళ్లన్నాను. ఆపైన సాకు చెప్పడం కూడా మానేశాను.

అంత్యక్రియలయ్యాక పరామర్శకు వెళితే, మాస్టారి భార్య నాకు మజ్జిగ ఇచ్చి పక్కన కూర్చున్నారు.

"గురువారం వస్తే వీధరుగు మీదే కూచునేవారు బాబూ. నేను గొణిగితే, 'వాడికి పనులుంటాయే. వాడొచ్చేదాకా మర్చిపోకుండా వల్లె వేసుకుంటాన్లే' అనేవారు."

మజ్జిగ గ్లాసు అలాగే కింద పెట్టి లేచి వచ్చేశాను.

మాస్టారూ, మీ పాదాలకు సాష్టాంగప్రణామం. మీ వంతెనల బొమ్మలు బడి గోడ మీద చక్కగా ఉన్నాయి, చూసినవాళ్లంతా మెచ్చుకుంటున్నారు. వాటి వెనక రాతలకు మిగిలిన ఒకే ఒక్క ప్రతి మీరు. ఆ ప్రతిని వైనతేయ ఒడ్డున మేమందరం కలిసి అగ్నికి అప్పగించాం. నేనూ ఒక పుల్ల వేశాను.