రేకుల కింద మగ కుందేలు

నా చిన్నప్పుడు వరంగల్ బజారులో మా కిరాణా కొట్టు వెనక ఒక రేకుల గది ఉండేది. అందులో బెల్లం బస్తాల పక్కన నా కుందేళ్ల గూడు. ఆడది అంతకుముందే ఒక ఈత పిల్లల్ని పెట్టింది. ఉగాది ముందు దానికి జోడీగా మగదాన్ని బేరమాడి తెచ్చాను. బడి తెరిచేలోగా పిల్లలు పుట్టకపోతే రెంటినీ ఇచ్చేసి అక్కడ మిర్చి బస్తాలు వేస్తానని మా బాపు గడువు పెట్టాడు.

నెల గడిచింది. ఏమీ లేదు. కొట్టులో పెరిగిన పిల్లను. మాలు బాగా లేకపోతే వాపస్ చేయాలన్నది నాకు అక్షరాలకన్నా ముందు వచ్చిన విద్య. మగదాన్ని బుట్టలో పెట్టుకుని కుందేళ్లమ్మే ముసలాయన దగ్గరికి పోయాను.

"తాతా, గిది ఖరాబు మాలు. మార్చియ్యి."

"కుందేలేమన్న టార్చిలైటా బిడ్డా?" అని ఆయన మొత్తుకున్నాడు. నేను వినలేదు. దాన్ని మార్పించుకుని, పైగా ఒక గడ్డి మోపు కొసరు కూడా గుంజుకుని వచ్చాను. ఆ రోజంతా నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండోదీ అంతే. రోజూ పొద్దున్నే లేచి గూట్లోకి తొంగి చూడటం, తిట్టుకుంటూ బయటికి రావడం. తిండికి మాత్రం రెండూ ముందుండేవి. మే నెల చివరికి విసుగు నెత్తికెక్కి మళ్లీ బుట్ట ఎత్తుకున్నాను. గుమ్మం దగ్గరే పక్కింటి అక్క ఎదురైంది. ఆమె పశువుల దవాఖానలో పని చేసేది. సంగతి విని, గూడు ఎక్కడుందో చూపించమంది. లోపల తల పెట్టి వెంటనే బయటికి తీసుకుంది.

"గా గూడు పక్కన గంటసేపు కూసో. కూసుంటే కొత్త కుందేలు నేనే కొనిస్త."

నాకంతకంటే ఏం కావాలి? గంటను అరగంటకు దించాను. పుల్ల ఐసుకు కూడా ఒప్పించాను. మిట్టమధ్యాహ్నం, రేకు కాలిన పెనంలా ఉంది. పది నిమిషాలు కూడా గడవకముందే చెమటతో బయటికి ఉరికాను.

"బేరం నువ్వే గెలిచినవ్ గదనే, మరెందుకు ఉరికొచ్చినవ్?" అని అక్క నవ్వింది. తర్వాత నవ్వలేదు. "గంత ఎండకు మగదాని బీజం సచ్చిపోతది. పైకి మంచిగనే కనవడతది, తింటది, ఎగురుతది. సల్లగ ఉంచితే మల్ల తయారైతది గని, రెండు నెలలు పడతది."

అంటే మొదటిదానిలోనూ ఏ లోపమూ లేదు. ముసలాయన దగ్గరికి పరుగెత్తి దాన్ని తిరిగి ఇమ్మన్నాను.

"పిల్లలు కావని నువ్వే అంటివి గద బిడ్డా. కూరకిచ్చేసిన."



అక్కే వచ్చి మా బాపుతో బతుకమ్మ పండుగ దాకా గడువు ఇప్పించింది. గూడు బావి పక్క నీడకు మారింది. గోనెసంచులు తడిపి దానిపై కప్పడం నా పని. జూన్ గడిచింది, జూలై గడిచింది. మా బాపు రోజూ గడువు సంగతి ఎత్తేవాడు. ఎదురుచూడటం నాకు చేతకాని పని. ఎవరిని గద్దించినా ఒక్కరోజు కూడా తగ్గలేదు. చివరికి వానాకాలం వెళ్లిపోతుండగా ఒక ఉదయం ఆడది తన పొట్ట మీది బొచ్చు పీకి గూట్లో పరిచింది. ఆ బొచ్చులో ఆరు పిల్లలు.

సంతోషించాల్సిన రోజే. కానీ వాటిని లెక్కపెడుతుంటే కూరకు పోయిన మొదటిది గుర్తొచ్చి నా మీద నాకే మండింది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఇంట్లోనో కొట్టులోనో ఎవరినైనా "వీడు పనికిరాడు" అనబోతే, నేను వాడిని ఎలాంటి చోట ఉంచానో ముందు చూసి వస్తాను. చాలాసార్లు తప్పు నాదే అని తేలుతుంది. ఒప్పుకోవడానికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అయినా చూడకుండా ఎవరినీ పంపేయను.